వెంట వెళ్లే మనిషి

(హబ్సిగూడలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో చేసిన స్మారకోపన్యాసం పాఠం. కుటుంబ సభ్యుల కోరిక మీద డాక్టరు గారి పేరు అచ్చు ప్రతిలో వేయలేదు.)

 

స్మారక సభల్లో పోయినవారి సుగుణాలు ఏకరువు పెట్టడం మన ఆనవాయితీ. డాక్టరు గారికి అదంటే చిరాకు. అందుకని ఆయన గుణగణాల జోలికి పోకుండా, ఆయన చేసిన ఒకే ఒక పనిని పట్టుకుని మాట్లాడతాను.

ఆయన మామూలు ఎంబీబీఎస్ డాక్టరు. మానసిక వైద్యంలో ఏ పట్టా లేదు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే కార్మికులు, ఉప్పల్ రోడ్డు వెంట ఉన్న పరిశోధన సంస్థల ఉద్యోగులు, తార్నాక వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు ఆయన దగ్గరకు వచ్చేవాళ్లు. గ్యాస్ అనేవాళ్లు, గుండె దడ అనేవాళ్లు, నరాల బలహీనత అనేవాళ్లు, తలంతా తిమ్మిరి అనేవాళ్లు. మనసు బాగాలేదని చెప్పుకుంటూ వచ్చినవాళ్లను నేనైతే అక్కడ చూడలేదు. నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి కనుక, సాయంత్రాలు ఆయన క్లినిక్‌లో కూర్చోవడం నాకు పుస్తకాల్లో దొరకని చదువు. బీపీ చూసి, నాలుక చూసి, పొట్ట నొక్కి చూసి, మందులు రాయడానికి ముందు ఆయన మామూలుగా అడిగేవారు: "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" "యాడ పడతది సారూ" అని మొదలుపెట్టిన మనిషి, పావుగంట ఆగకుండా మాట్లాడటం నేను చూశాను. గుండె దడ ఎప్పుడు మొదలైందో, కొడుకు చదువు మానేసింది ఎప్పుడో, ఆ రెండూ ఒకే నెలలో జరిగాయని తనకు తానే గుర్తుపట్టేది.

చాలామందికి ఆ పావుగంటే మందు. కొందరికి అది సరిపోదని ఆయనకు తెలిసేది. అలాంటివాళ్ల కోసం ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి చీటీ రాసేవారు. ఆ చీటీని ఊరికే చేతిలో పెట్టి పంపేవారు కాదు. కాంపౌండరును తోడిచ్చి పంపేవారు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, ఏ గది ముందు నిలబడాలో, డాక్టరు అడిగినప్పుడు సిగ్గుపడి దాచే సంగతిని ఎలా చెప్పించాలో ఆ కాంపౌండరుకు కొట్టిన పిండి. చీటీ ఒక్కటే ఇస్తే అది చొక్కా జేబులో నలిగి చాకిరేవుకు పోతుందని డాక్టరు గారి నమ్మకం. నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఆ కాంపౌండరు గురించే అనుకోండి.

మన దేశంలో మనసు జబ్బులకు వైద్యం చాలాకాలం దూరాన్ని నమ్ముకునే నడిచింది. రోగిని ఊరికి, ఇంటికి, కళ్లకు దూరంగా ఉంచడమే తొలి రోజుల్లో వైద్యం. ఎర్రగడ్డ ఆస్పత్రి చరిత్ర చూడండి. నిజాం రాజ్యంలో భాగంగా ఉన్న జాల్నాలో 1895లో అది మొదలైంది. ఇక్కడికి 1953లో తరలింది. నేను డాక్టరు గారి క్లినిక్‌లో కూర్చునే కాలానికి నగరం ఎర్రగడ్డను దాటి పెరిగింది గానీ, ఆ పేరు వినగానే ముఖం తిప్పుకోవడం మాత్రం తగ్గలేదు. వీధిలో పిల్లలు పోట్లాడుకున్నా ఆ పేరే తిట్టుగా వాడతారు. తిట్టుగా వాడే చోటికి భార్యనో కొడుకునో తీసుకెళ్లడానికి ఎంత గుండె ధైర్యం కావాలో, తీసుకెళ్లినవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఈ దూరాన్ని మొదట తగ్గించినవాళ్లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రి డాక్టరు విద్యాసాగర్ ఒకరు. 1950ల్లో ఆయన ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువుల్ని వాళ్లతోపాటే ఉండమన్నారు. గది గోడలు చాలనప్పుడు గుడ్డ డేరాలతో సరిపెట్టిన ఆ పనిలో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. కానీ జబ్బు అంటే ఏమిటో ఇంటివాళ్లు కళ్లారా చూశారు, నయమైన మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లారు. దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న దృశ్యం 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో కనిపించింది. దర్గా దగ్గర నయమవుతుందని వదిలిపెట్టి వెళ్లిన మనుషుల్ని గొలుసులతో కట్టి ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టడం నిషేధమని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే, అది 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిందంటే, మనం ఎంత ఆలస్యంగా మేలుకున్నామో చూడండి.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చుందని నేను అనను. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే వచ్చింది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మామూలు జ్వరాల ఓపీలోనే మనసు జబ్బులకు మందులివ్వవచ్చని చేసి చూపించారు. ఆ నమూనా మీద 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది. ఆ నాలుగింటిలో ఒకటి మన మెదక్. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మనం గర్వపడవలసిన జాబితా అది. తర్వాత 2015-16లో నిమ్హాన్స్ దేశవ్యాప్తంగా మానసిక ఆరోగ్య సర్వే చేసినప్పుడు ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. పొరుగున తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి. కాబట్టి మన గురించి చెప్పేటప్పుడు పక్కవాళ్ల లెక్కలతో సరిపెట్టుకోవాలి.

ఆ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి దాదాపు 10 మందికి ఆ సమయంలో వైద్యం కావలసిన మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి చూస్తే నూటికి 70 నుంచి 92 మంది దాకా ఏ చికిత్సకూ చేరలేదు. దేశంలో మానసిక వైద్యులు లక్ష జనాభాకు ఒక్కరైనా లేరు. 2019 నాటి ఒక లెక్కలో అది 0.75. కనీసం ముగ్గురుండాలని నిపుణుల అంచనా. వైద్య కళాశాలల్లో ఎన్ని కొత్త సీట్లు పెంచినా, ఈ తరంలో ఆ లోటు పూడదు. అంటే మొదటి మాట వినేది, మొదటి అడుగు వేయించేది డాక్టరు కాని మనిషే అయి ఉండాలి. ఇందులో వేరే దారి లేదు.

డాక్టరు కాని మనుషులతో ఇది అవుతుందా అని సందేహించేవాళ్లకు పశ్చిమ గోదావరి జిల్లా గురించి చెప్పాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు ఆ జిల్లాలో 30 గిరిజన గ్రామాల్లో ఒక ప్రయత్నం చేశారు. ఊళ్లో ఉండే ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి వాళ్లు ప్రశ్నలు అడిగారు. దిగులు, ఆందోళన లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్ల వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చేరాయి. దానికి ముందూ వెనకా ఊళ్లో పోస్టర్లు, నాటకం, జబ్బు పడి కోలుకున్న మనిషి తన మాటల్లో చెప్పిన వీడియో. మొత్తం 5,007 మందిని పరీక్షించారు. 238 మందికి సాయం కావాలని తేలింది. వాళ్లలో అంతకుముందు మానసిక వైద్యం కోసం ఎక్కడికైనా వెళ్లినవాళ్లు ఇద్దరు. ఈ ప్రయత్నం నడిచిన కాలంలో డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లు 30 మంది.

ఇద్దరి నుంచి ముప్పై మందికి. దీన్ని విజయం అంటారు పరిశోధకులు, నేనూ ఒప్పుకుంటాను. తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇదే పద్ధతిని పెద్దగా పరీక్షించి, 2024లో ఫలితాలు ప్రకటించారు. దిగులు తగ్గడంలో తేడా స్పష్టంగా కనిపించింది. కానీ నా కన్ను ఆ మొదటి లెక్కలోని మిగతా 208 మంది మీదే ఉంది. వాళ్లకు జబ్బుందని చెప్పారు. ఎక్కడికి వెళ్లాలో చెప్పారు. నాటకం చూపించారు. అయినా వెళ్లలేదు. ఎందుకు వెళ్లరో మనకు తెలియనిదేమీ కాదు. ఒక రోజు కూలి పోతుంది. పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలి? వెళ్తే డాక్టరు ఉంటాడో లేడో. ఉన్నా పక్కింటావిడ అదే వరసలో నిలబడి ఉంటే? ఇవన్నీ అజ్ఞానం కిందికి రావు. కనుక అవగాహన సదస్సులతో పోవు. అవి తోడు లేకపోవడం వల్ల వచ్చే భయాలు.

ఇక్కడే మన నగరపు పద్ధతి మీద నాకు ఫిర్యాదు ఉంది. అక్టోబరు 10 వస్తుంది, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం. కాలేజీల్లో బ్యానర్లు, ఆకుపచ్చ రిబ్బన్లు, ముఖ్య అతిథికి శాలువా, ఫొటోలు. పిల్లలు చప్పట్లు కొట్టి బస్సెక్కుతారు. వాళ్లలో ఒకమ్మాయికి నిజంగానే సాయం కావాలనుకోండి. ఆ అమ్మాయి అక్టోబరు 11న ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఈ ప్రశ్నకు ఒక పేరు, ఒక గది, ఒక సమయం జవాబుగా లేని సదస్సు వృథా. శాలువా డబ్బులు మిగులుతాయి, మానేయండి.

పిల్లల మాట వచ్చింది కనుక 2019 ఏప్రిల్ గుర్తుచేయక తప్పదు. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 18న వచ్చాయి. మార్కుల్లో తప్పులు దొర్లాయని గగ్గోలు లేచింది. ఆ కొద్ది రోజుల్లో రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ తర్వాత తనిఖీలు, కమిటీలు జరిగాయి. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. హబ్సిగూడ నుంచి ఉప్పల్ రింగు రోడ్డు దాకా ఇలాంటి సంస్థలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మీ పిల్లలు చదివే చోట ఆ కౌన్సెలర్ ఎవరు, ఏ అర్హత, వారానికి ఎన్ని గంటలు ఉంటారు అని ఫీజు కట్టే రోజునే అడగండి. బోర్డు మీద ర్యాంకులు చూసి ఫీజు కట్టేవాళ్లకు ఈ ప్రశ్న అడిగే హక్కు ఇంకా ఎక్కువ ఉంది.

అయితే పరీక్షల చావులే మన సమస్య అనుకుంటే పొరపాటు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, 31.7 శాతం. రెండోది అనారోగ్యం, 18.4 శాతం. పరీక్షలో తప్పడమనే పద్దు వీటి ముందు చాలా చిన్నది. పత్రికల మొదటి పేజీకి ఎక్కేది ఆ చిన్న పద్దు. ఇంటి నాలుగు గోడల మధ్య పెద్ద పద్దు నిశ్శబ్దంగా పెరుగుతూ ఉంటుంది. మన కాలనీల్లోనే చూడండి. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే మూడు గదుల ఫ్లాటులో ఇద్దరే మిగిలిన దంపతులు, ఆ ఇద్దరిలో ఒకరు పోతే మిగిలిన ఒక్కరు. పొద్దున వీడియో కాల్‌లో నవ్వుతారు. ఆ నవ్వుకు అయిదు నిమిషాల ముందు ఎంతసేపు మంచం మీద కూర్చున్నారో ఫోనుకు తెలియదు, వాచ్‌మన్‌కు తెలుస్తుంది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని బయల్దేరే నలభై అయిదేళ్ల మనిషికి ఎవరు దిక్కు? ప్రసవమై రెండు నెలలైనా ఏడుపు ఆగని కోడలిని "అందరూ కనలేదా" అంటూ ఉంటాం.

ఇలాంటివాళ్ల మాట వినే పని డాక్టరు కానివాళ్లు చేసిన ఉదాహరణలు ఉన్నాయి. లండన్‌లో చాద్ వారా అనే మతాచార్యుడు 1953 నవంబరులో, చచ్చిపోవాలనుకునేవాళ్లు ఫోన్ చేయండంటూ ఒక సేవ ప్రారంభించాడు. ఆయన్ను కలవడానికి వచ్చినవాళ్లు బయటి గదిలో ఎదురుచూస్తుంటే స్వచ్ఛంద కార్యకర్తలు టీ ఇచ్చి మాటల్లో పెట్టేవాళ్లు. చాలామంది ఆ మాటలతోనే తేలికపడి, ఆయన్ను చూడకుండానే వెళ్లిపోవడం ఆయన గమనించాడు. మరుసటి ఏడాదే వినే పని మొత్తం ఆ కార్యకర్తలకు అప్పజెప్పాడు. అలాంటి సేవలే తర్వాత చెన్నైలో 1986లో స్నేహగా, మన హైదరాబాద్‌లో 1997లో రోష్నీగా వచ్చాయి. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖానా ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. 24 క్లినిక్‌లలో 573 మంది మీద చేసిన పరీక్షలో ఆ బెంచీ నిజంగా పనిచేస్తుందని 2016లో రుజువైంది. మనకు అవ్వలకు కొదవా, అరుగులకు కొదవా? అరుగులు తీసేసి కార్ల పార్కింగు కట్టుకున్నాం, అది వేరే సంగతి.

మన భాషలో ఈ పనిని పత్రిక ద్వారా చేసిన మనిషి రచయిత్రి మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను నలభై ఏళ్లకు పైగా నడిపారు. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఒక ఉత్తరం ముక్క మీద రాసి, వారాల తరబడి జవాబు కోసం ఎదురుచూసిన తెలుగు ఆడవాళ్లు ఎందరో. ఆ శీర్షికను వంటలూ అల్లికల కాలమ్‌గా తీసిపారేసిన సాహిత్య విమర్శకుల మీద నాకు గౌరవం లేదు. మన దగ్గర సమాజ మానసిక ఆరోగ్య చరిత్ర రాస్తే ఆమెకు ఒక అధ్యాయం ఇవ్వాలి.

ఇక ఈ కాలనీ ఏం చేయాలి? ఆ కాంపౌండరులా వెంట వెళ్లే మనుషుల్ని తయారుచేసుకోవాలి. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాను. వెంట వెళ్లే మనిషి వైద్యుడు కాదు, వైద్యం చేయకూడదు. సలహాలు ఇవ్వకూడదు. "ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువ", "యోగా చెయ్యి" అనేవి సాయం రూపంలో ఉన్న నోరు మూయించే మాటలు. వినాలి. విన్నది బయటకు పొక్కకూడదు; వాట్సాప్ గ్రూపులో ఒక్క ఏడుపు ముఖం బొమ్మ పడినా ఆ మనిషి జన్మలో మళ్లీ నోరు విప్పడు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకూడదు. అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే చాలామందికి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. వస్తోందంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. అర్ధరాత్రయితే 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. లిఫ్టు పక్కన ఆ నంబరు అతికించడానికి అపార్ట్‌మెంట్ కమిటీ తీర్మానం అక్కర్లేదు.

ఇంకొన్ని సంగతులు వెంట వెళ్లే మనిషికి తెలిసి ఉండాలి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1న కొత్త న్యాయ సంహితతో పోయింది. కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 2017 చట్టం ప్రకారమే ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలి. మీ పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూడండి. ఇక సందుకో కౌన్సెలింగ్ బోర్డు వెలుస్తున్న రోజులివి. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది చూపించమని అడగడం అమర్యాద కాదు.

2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదటిసారి నడిచినప్పుడు ఆ తొలి మార్గంలోనే హబ్సిగూడా ఉంది, ఎర్రగడ్డా ఉంది. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక్కసారి మారితే చాలు. డాక్టరు గారి కాంపౌండరు సికింద్రాబాద్‌లో బస్సు మారి, నిలబడి చేసిన ప్రయాణం అది. దారి ఇంత దగ్గరైంది. తోడు మాత్రం అప్పటికంటే దూరమైంది, ఎందుకంటే ఇప్పుడు ఏ క్లినిక్‌కూ అలాంటి కాంపౌండరు లేడు.

కాలనీ సంఘం వారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది స్మారకోపన్యాసం పెట్టకండి. ఆ ఖర్చుతో పదిమందికి శిక్షణ ఇప్పించండి. రిటైరైన ఉద్యోగులు, గృహిణులు, ఒకరిద్దరు కాలేజీ పిల్లలు, మందుల షాపు కుర్రాడు, వీలైతే ఒక వాచ్‌మన్. శిక్షణ మానసిక వైద్యుల చేతనే ఇప్పించండి. నాలాంటి పాఠాలు చెప్పేవాళ్లతో వద్దు. పక్కనున్న బస్తీ దవాఖానా డాక్టరుతో, ఆశా కార్యకర్తలతో వాళ్లను కలపండి. ఒక్కొక్కరు నెలకు ఒక పూట ఇస్తే చాలు. ప్రభుత్వాసుపత్రుల ఓపీ పొద్దుటి పూట ఉంటుంది కనుక పొద్దున ఖాళీగా ఉండగలిగినవాళ్లు ముందుకు రండి. పేర్లు రాసుకునే పుస్తకం సంఘం కార్యదర్శి గారి దగ్గర ఉంది. మొదటి పేరు నాది రాశాను; మిగతా తొమ్మిది మీరు రాయండి.